చెక్క ప్రొపెల్లర్‌తో మొదలై... జేఆర్‌డీ టాటా, ఆయన ఇంజిన్లు

1930 మే నెల. ఈజిప్టులో అలెగ్జాండ్రియా దగ్గర్లోని అబూకీర్ ఎయిర్‌ఫీల్డ్‌లో రెండు చిన్న విమానాలు ఎదురుపడ్డాయి. రెండూ గిప్సీ మాత్ రకం బైప్లేన్లే. ఒకటి కరాచీ నుంచి లండన్ వెళ్తోంది, మరొకటి లండన్ నుంచి కరాచీ వస్తోంది. భారత్, ఇంగ్లండ్ మధ్య ఒంటరిగా విమానం నడిపిన తొలి భారతీయుడికి ఆగాఖాన్ 500 పౌండ్ల బహుమతి ప్రకటించారు. ఆ బహుమతి కోసం పోటీ పడుతున్న ఇద్దరూ అనుకోకుండా ఒకేచోట దిగారు.

లండన్ నుంచి వస్తున్న 17 ఏళ్ల ఆస్పీ ఇంజినీర్ అక్కడ చిక్కుకుపోయాడు. స్పార్క్ ప్లగ్ పాడైంది, దగ్గర వేరేది లేదు. కరాచీ నుంచి వస్తున్న 25 ఏళ్ల యువకుడి దగ్గర అదనపు ప్లగ్గులున్నాయి. పోటీదారుడు ఎడారి అంచున ఆగిపోతే బహుమతి దాదాపు తనదే. అయినా ఆయన పెట్టె తెరిచి ప్లగ్ ఇచ్చేశాడు. ఆస్పీ కొన్ని గంటల తేడాతో ముందుగా గమ్యం చేరి బహుమతి గెలుచుకున్నాడు. అందరికంటే ముందే ప్రయాణం పూర్తి చేసిన మన్‌మోహన్ సింగ్ నెల రోజుల గడువు దాటడంతో అనర్హుడయ్యాడు. ఆస్పీ తర్వాత వైమానిక దళంలో చేరి, 1960లో దాని అధిపతి అయ్యారు.

ప్లగ్ ఇచ్చి పోటీ ఓడిన ఆ యువకుడు జహంగీర్ రతన్‌జీ దాదాభాయ్ టాటా. మనందరికీ జేఆర్‌డీ. జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారానికి దశాబ్దాల పాటు చైర్మన్, భారత పౌర విమానయానానికి ఆద్యుడు. ఆయన జీవితంలో ఉక్కు, విమానం రెండు వేరువేరు కథలుగా కనిపిస్తాయి. దగ్గర నుంచి చూస్తే రెండింటిలోనూ ఆయన ఎదుర్కొన్న ప్రశ్న ఒకటే. ఉన్న శక్తిని ఏ పనికి, ఎలా జత చేయాలి?

సముద్రం ఒడ్డున మొదటి విమానం

జేఆర్‌డీ 1904 జులై 29న పారిస్‌లో పుట్టారు. తండ్రి రతన్‌జీ దాదాభాయ్ టాటా, జంషెడ్‌జీ టాటాకు బంధువు, వ్యాపార సహచరుడు. తల్లి సుజాన్ ఫ్రెంచ్ మహిళ. ఇంట్లో మాట్లాడేది ఫ్రెంచ్. చదువు పారిస్, ముంబయి, యోకొహామాల మధ్య తిరిగింది.

ఉత్తర ఫ్రాన్స్‌లో హార్డెలో అనే సముద్ర తీర గ్రామంలో ఆ కుటుంబానికి వేసవి ఇల్లు ఉండేది. అదే ఊళ్లో లూయీ బ్లేరియోకూ ఇల్లుంది. 1909 జులైలో ఇంగ్లిష్ చానల్‌ను విమానంలో తొలిసారి దాటింది ఈ బ్లేరియోనే. ఇసుక మీద దిగే విమానాలను చూస్తూ పెరిగిన కుర్రాడికి 15 ఏళ్ల వయసులో అదే తీరంలో మొదటిసారి విమానం ఎక్కే అవకాశం వచ్చింది. కొద్ది నిమిషాల సరదా ప్రయాణమే. కానీ పైలట్ కావాలన్న నిర్ణయం ఆ రోజే జరిగిపోయింది.

ఫ్రెంచ్ పౌరుడు కావడంతో ఆ దేశ సైన్యంలో కొంతకాలం పనిచేయాల్సి వచ్చింది. ఆ తర్వాత కేంబ్రిడ్జిలో ఇంజినీరింగ్ చదవాలని ఆశపడ్డారు. తండ్రి ఒప్పుకోలేదు. 1925 డిసెంబరులో జీతం లేని అప్రెంటిస్‌గా టాటా సంస్థలో చేర్చారు. మరుసటి ఏడాదే తండ్రి చనిపోయారు. 22 ఏళ్లకే జేఆర్‌డీ టాటా సన్స్ డైరెక్టర్ల బోర్డులోకి వచ్చారు. కాలేజీ పట్టా లేకపోవడం ఆయనను జీవితాంతం బాధించింది. ఆ లోటు తీర్చుకోవడానికి ఇంజినీరింగ్, ఆర్థిక శాస్త్రం, లోహశాస్త్రం పుస్తకాలను రాత్రుళ్లు సొంతంగా చదివేవారు.

ముంబయిలో ఫ్లయింగ్ క్లబ్ మొదలవగానే తొలి విద్యార్థుల్లో ఒకరయ్యారు. శిక్షకుడితో మూడున్నర గంటలు ఎగిరాక ఒంటరిగా విమానం నడిపారు. 1929 ఫిబ్రవరి 10న భారత్‌లో జారీ అయిన తొలి పైలట్ లైసెన్సు ఆయన చేతికొచ్చింది. దాని మీద ఒకటో నంబర్ ఉంది.

గిప్సీ మాత్ ముక్కున ఏముంది?

ఆ రోజుల్లో విమానం నడపడమంటే ఇంజిన్‌ను అర్థం చేసుకోవడమే. గిప్సీ మాత్ రెక్కల వెడల్పు 30 అడుగులు. చెక్క చట్రం, దాని మీద బిగించిన గుడ్డ. ముక్కు భాగంలో ఫ్రాంక్ హాల్ఫర్డ్ రూపొందించిన నాలుగు సిలిండర్ల గిప్సీ ఇంజిన్. సుమారు 100 హార్స్‌పవర్. చల్లబరచడానికి నీళ్లు అక్కర్లేదు, ఎదురుగాలే చాలు. ప్రతి సిలిండర్‌కు రెండు చొప్పున మొత్తం ఎనిమిది స్పార్క్ ప్లగ్గులు. ఒక వరుస పనిచేయకపోయినా రెండోది ఇంజిన్‌ను నడిపిస్తుంది. అబూకీర్‌లో ఒక ప్లగ్గు విలువ ఎంతో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. ఒంటరి పైలట్‌కు ఎడారి మీద మరో దిక్కు లేదు.

ఇంజిన్ క్రాంక్‌షాఫ్ట్‌కు నేరుగా బిగించిన రెండు బ్లేడ్ల చెక్క ప్రొపెల్లర్ ఇంకో ముఖ్యమైన భాగం. ఇంజిన్ ఎంత బలమైనదైనా, ప్రొపెల్లర్ దానికి సరిపడకపోతే ఆ బలం గాలిలో కలిసిపోతుంది. ఈ సంగతిని మొదట సరిగ్గా పట్టుకున్నది రైట్ సోదరులు. ఓడల ప్రొపెల్లర్ల లెక్కలు వాడుకుందామనుకున్న వాళ్లకు అక్కడ పనికొచ్చే సిద్ధాంతమేదీ దొరకలేదు. ప్రొపెల్లర్ అంటే గుండ్రంగా తిరిగే రెక్క అని తేల్చుకుని తామే లెక్కలు కట్టారు. 1903లో వారి బైప్లేన్‌కు ఉన్నది మెకానిక్ చార్లీ టేలర్ తయారుచేసిన 12 హార్స్‌పవర్ ఇంజిన్ మాత్రమే. దాని వేగాన్ని గొలుసుల ద్వారా తగ్గించి, ఎనిమిదిన్నర అడుగుల ప్రొపెల్లర్లు రెండింటిని నెమ్మదిగా తిప్పారు. అంత తక్కువ శక్తితో విమానం లేచిందంటే కారణం ఆ జత కుదరడమే.

ప్రొపెల్లర్‌ను రెండు కొలతలతో చెబుతారు. ఒకటి వ్యాసం. రెండోది పిచ్. మెత్తటి చెక్కలోకి దిగే మరమేకులా, ఒక చుట్టు తిరిగితే ఎంత ముందుకు వెళ్లాలో ఆ దూరమే పిచ్. తక్కువ పిచ్ ఉంటే విమానం త్వరగా నేల విడుస్తుంది, బాగా పైకి ఎక్కుతుంది. కానీ పైన వేగం అందుకోదు, ఇంజిన్ మాత్రం గింగిరాలు తిరుగుతుంది. ఎక్కువ పిచ్ అయితే పైన హాయిగా సాగుతుంది. నేల విడవడానికి మాత్రం పొడవైన రన్‌వే కావాలి. చెక్క ప్రొపెల్లర్‌కు పిచ్ మార్చే వీల్లేదు. ఒకసారి చెక్కాక అంతే. కాబట్టి ప్రతి ఎంపికా ఒక రాజీయే.

వ్యాసానికీ ఒక హద్దుంది. ఆరడుగుల ప్రొపెల్లర్ నిమిషానికి 2,000 సార్లు తిరిగితే దాని కొస సెకనుకు సుమారు 190 మీటర్ల వేగంతో కదులుతుంది. అది ధ్వని వేగానికి దగ్గరయ్యే కొద్దీ చప్పుడు పెరుగుతుంది, లాగే బలం తగ్గుతుంది. అందుకే పెద్ద ప్రొపెల్లర్‌ను నెమ్మదిగా తిప్పాలి. బైప్లేన్‌కు ఇది మరీ ముఖ్యం. రెండు రెక్కలు, వాటి మధ్య కర్రలు, తీగలు కలిసి గాలిని బాగా అడ్డుకుంటాయి. అది ఎలాగూ వేగంగా పోదు. దానికి కావాల్సింది పరుగు కాదు, లాగుడు. ఇప్పటికీ గిప్సీ మాత్‌ను నాలుగో వంతు కొలతలో, అంటే దాదాపు 2.3 మీటర్ల రెక్కలతో, మోడల్‌గా కట్టే అభిరుచి గలవారు ఇదే లెక్క వేసుకుంటారు. చిన్న ప్రొపెల్లర్‌ను విపరీతమైన వేగంతో తిప్పే ఇంజిన్ రేసింగ్ మోడల్‌కు బాగుంటుంది. బైప్లేన్‌కు పెద్ద వ్యాసం, తక్కువ పిచ్ ఉన్న ప్రొపెల్లర్, దాన్ని నిదానంగా తిప్పగల ఇంజిన్ కావాలి.

మన వాతావరణం మరో పరీక్ష. ఎండాకాలంలో గాలి పలచబడుతుంది. ఇంజిన్ బలం తగ్గుతుంది, ప్రొపెల్లర్ పట్టు తగ్గుతుంది, రెక్కలు మోసే బరువూ తగ్గుతుంది. వానాకాలంలో చినుకులే చెక్క బ్లేడు అంచులను కొరికేస్తాయి. ఇంగ్లండ్‌లో చక్కగా ఎగిరిన విమానం ఇక్కడ మే నెల మధ్యాహ్నం నేల విడవడానికి ఆపసోపాలు పడుతుంది. ఈ దేశంలో విమానాలతో రోజువారీ వ్యాపారం చేయాలనుకున్నవాళ్లు ఇదంతా లెక్కలోకి తీసుకోవాల్సిందే.

ఉత్తరాలు మోసిన పస్ మాత్

ఆ ఆలోచనతో టాటాల దగ్గరికి వచ్చింది నెవిల్ విన్‌సెంట్. బ్రిటిష్ వైమానిక దళంలో పనిచేసి, భారత్‌లో ఊరూరా విమాన విన్యాసాలు చేసిన పైలట్. లండన్ నుంచి ఇంపీరియల్ ఎయిర్‌వేస్ విమానాల్లో కరాచీ చేరే ఉత్తరాలను ముంబయి, మద్రాసులకు విమానంలో పంపాలన్నది ఆయన పథకం. జేఆర్‌డీకి వెంటనే నచ్చింది. దొరాబ్జీ టాటాను ఒప్పించడానికి కొంత సమయం పట్టింది. పెట్టుబడి 2 లక్షల రూపాయలు. ప్రభుత్వం సబ్సిడీ ఇవ్వనంది. మోసిన ఉత్తరాల బరువును బట్టి వచ్చే డబ్బుతోనే బతకాలి.

ఈ పనికి ఎంచుకున్నది బైప్లేన్ కాదు, పస్ మాత్. పైన ఒకే రెక్క, మూసి ఉన్న క్యాబిన్. ఇంజిన్ గిప్సీ కుటుంబానిదే, కానీ తలకిందులుగా అమర్చింది. దానివల్ల ప్రొపెల్లర్ పైకి లేచింది, పైలట్‌కు ముందు దారి బాగా కనిపించింది. తీగలు, కర్రలు తగ్గడంతో అదే ఇంధనంతో ఎక్కువ దూరం, ఎక్కువ వేగం. సరదాగా ఎగరడానికి బైప్లేన్ ఎంతో బాగుంటుంది. గడియారం చూసుకుంటూ ఉత్తరాలు మోయడానికి పస్ మాతే సరైనది.

1932 అక్టోబర్ 15 ఉదయం జేఆర్‌డీ కరాచీలోని డ్రిగ్ రోడ్ ఎయిర్‌ఫీల్డ్ నుంచి పస్ మాత్‌లో బయల్దేరారు. రేడియో లేదు. దారి చూపే సాధనాలు లేవు. దిక్సూచి, పటం, కింద కనిపించే రైలు పట్టాలే ఆధారం. అహ్మదాబాద్‌లో పెట్రోలు డబ్బాలు ఎడ్లబండి మీద వచ్చాయి. మధ్యాహ్నానికి ముంబయి జుహూలో దిగారు. అక్కడి నుంచి విన్‌సెంట్ ఉత్తరాలు తీసుకుని బళ్లారి మీదుగా మద్రాసు వెళ్లారు. అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న బళ్లారి అలా దేశపు తొలి విమాన మార్గపటంలో చేరింది. తర్వాత హైదరాబాద్ కూడా ఆ దారిలోకి వచ్చింది.

జుహూ ఎయిర్‌ఫీల్డ్ నిజానికి సముద్రం పక్కన బురదనేల. వానాకాలంలో నీళ్లు కమ్మేసేవి. అప్పుడు మకాం పుణెకు మార్చేవారు. ఇన్ని ఇబ్బందుల మధ్య తొలి ఏడాదిలో సంస్థ విమానాలు 1,60,000 మైళ్లు ఎగిరాయి. 155 మంది ప్రయాణికులను, పది టన్నులకు పైగా ఉత్తరాలను మోశాయి. 60 వేల రూపాయల లాభం వచ్చింది. వేళ తప్పకుండా నడపడంలో ఆ చిన్న సంస్థను పౌర విమానయాన శాఖే మెచ్చుకుంది.

పదేళ్లు తిరగకుండానే విన్‌సెంట్ కథ ముగిసింది. యుద్ధకాలంలో భారత్‌లోనే విమానాలు తయారు చేసే ప్రయత్నంలో ఉండగా, 1942లో ఒక సైనిక విమానంలో ప్రయాణిస్తూ ప్రాణాలు కోల్పోయారు. జేఆర్‌డీకి అది కేవలం భాగస్వామి మరణం కాదు. ఇక్కడే విమానం కట్టాలన్న కల కూడా దాంతో వెనక్కి పోయింది.

జంషెడ్‌పూర్: ముప్పై వేల యంత్రాల పోలిక

సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోట సాక్చి అనే పల్లె పక్కన లేచిన ఉక్కు నగరం జంషెడ్‌పూర్. 1912లో అక్కడ ఉక్కు తయారీ మొదలైంది. 1919లో జంషెడ్‌జీ పేరు పెట్టారు. పని వెతుక్కుంటూ దేశం నలుమూలల నుంచి జనం వచ్చారు. తెలుగువారూ పెద్ద సంఖ్యలో చేరారు. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఆ వలసకు ఇప్పటికీ గుర్తు.

జేఆర్‌డీ అప్రెంటిస్‌గా ఉన్న రోజుల్లోనే ఈ కర్మాగారంలో విభాగం విభాగం తిరిగి పని చూశారు. 1938లో 34 ఏళ్లకే టాటా సన్స్ చైర్మన్ అయ్యాక జంషెడ్‌పూర్ ఆయన ప్రధాన బాధ్యతల్లో ఒకటైంది. యుద్ధకాలంలో ఆ కర్మాగారపు ఉక్కు పలకలతో టాటానగర్ అనే సాయుధ వాహనాలు తయారయ్యాయి. 1945లో ఆ ఊళ్లోనే టెల్కో మొదలైంది. మొదట రైలింజన్లు, 1954 నుంచి డైమ్లర్ బెంజ్ సహకారంతో లారీలు. మన రోడ్ల మీద కనిపించే టాటా లారీ వంశవృక్షం అక్కడిదే.

1943లో ఆయన రాసిన ఒక నోట్ జంషెడ్‌పూర్ చరిత్రలో ముఖ్యమైనది. కర్మాగారంలో ముప్పై వేల యంత్రాలుంటే వాటిని చూసుకోవడానికి కంపెనీ ప్రత్యేక విభాగమే పెట్టేదని, ముప్పై వేల మంది మనుషులను పెట్టుకుని మాత్రం వాళ్ల సంగతి వాళ్లే చూసుకుంటారన్నట్టు ఊరుకుందని ఆయన ఎత్తిచూపారు. ఇంజిన్ చప్పుడును బట్టి లోపం పసిగట్టే పైలట్‌కు తట్టిన పోలిక అది. దాని ఫలితంగా సిబ్బంది వ్యవహారాల విభాగం వచ్చింది. 1956లో యూనియన్‌తో కుదిరిన ఒప్పందం కార్మికులకు సంయుక్త కమిటీల్లో చోటిచ్చింది.

అంతా సాఫీగా సాగిందని కాదు. 1928లో నగరం సుదీర్ఘ సమ్మె చూసింది. సుభాష్ చంద్రబోస్ వచ్చి మధ్యవర్తిత్వం చేయాల్సి వచ్చింది. 1956 ఒప్పందం జరిగిన రెండేళ్లకే 1958లో మరో పెద్ద సమ్మె వచ్చింది. ఊరంతా ఒకే కంపెనీది అయినప్పుడు దయ ఎక్కడ ముగుస్తుంది, హక్కు ఎక్కడ మొదలవుతుంది అన్న ప్రశ్న జంషెడ్‌పూర్‌ను ఎప్పుడూ వదల్లేదు. జేఆర్‌డీ ఆ ప్రశ్నకు పూర్తి జవాబు ఇవ్వలేకపోయారు. కానీ ఆ ప్రశ్న ఉందని ఒప్పుకున్న పారిశ్రామికవేత్తల్లో ముందు వరుసలో నిలిచారు. 1984 దాకా ఉక్కు కంపెనీ చైర్మన్‌గా కొనసాగారు.

పిచ్ మారే ప్రొపెల్లర్లు, ఆపై జెట్

యుద్ధం తర్వాత టాటా ఎయిర్‌లైన్స్ 1946లో ఎయిర్ ఇండియాగా మారి పబ్లిక్ కంపెనీ అయింది. 1948 జూన్ 8న ముంబయి నుంచి లండన్‌కు మలబార్ ప్రిన్సెస్ బయల్దేరింది. లాక్‌హీడ్ కాన్‌స్టెలేషన్ విమానం. నాలుగు ఇంజిన్లు, ఒక్కొక్కటి 2,500 హార్స్‌పవర్. గాల్లోనే పిచ్ మార్చుకునే లోహపు ప్రొపెల్లర్లు. నేల విడిచేటప్పుడు ఒక పిచ్, పైకి వెళ్లాక మరోటి. చెక్క ప్రొపెల్లర్ రోజుల రాజీ ఇక అక్కర్లేదు. 18 ఏళ్ల కిందట 100 హార్స్‌పవర్‌తో ఇదే దారిలో ఒంటరిగా ఎగిరిన మనిషి ఆ రోజు ప్రయాణికుడిగా వెళ్లారు.

1953లో నెహ్రూ ప్రభుత్వం విమానయానాన్ని జాతీయం చేసింది. తనతో సరిగా సంప్రదించలేదని జేఆర్‌డీ నొచ్చుకున్నారు, విధానాన్నీ వ్యతిరేకించారు. అయినా ఎయిర్ ఇండియా చైర్మన్‌గా ఉండమంటే కాదనలేదు. సంస్థ తనది కాకపోయినా ప్రమాణాలు పడిపోకూడదన్నదే ఆయన పట్టుదల. ప్రయాణికుడిగా ఎక్కిన ప్రతిసారీ కాఫీ రంగు, కర్టెన్ల మురికి, సీటు వాలు దాకా నోట్ చేసుకుని అధికారులకు పంపేవారు. 1960లో రోల్స్ రాయిస్ కాన్‌వే ఇంజిన్లున్న బోయింగ్ 707లతో ఎయిర్ ఇండియా జెట్ యుగంలోకి అడుగుపెట్టింది. రెండేళ్లలో పూర్తిగా జెట్ విమానాలతోనే నడిచే సంస్థ అయింది.

ఆ వైభవానికి మూల్యమూ ఉంది. 1950లో మలబార్ ప్రిన్సెస్ ఆల్ప్స్‌లోని మోంబ్లా పర్వతాన్ని ఢీకొంది. 1966 జనవరిలో అదే పర్వతం మీద ఎయిర్ ఇండియా 707 కూలింది. అందులో హోమీ భాభా ఉన్నారు. టాటాల అండతో 1945లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ స్థాపించిన శాస్త్రవేత్త, జేఆర్‌డీకి ఆప్తుడు. తాను పెంచిన సంస్థ విమానంలోనే మిత్రుడు మరణించడం ఎంత భారమో చెప్పనక్కర్లేదు.

1978 కొత్త సంవత్సరం రోజున ఎయిర్ ఇండియా తొలి జంబో ఎంపరర్ అశోక ముంబయి తీరంలో కూలి 213 మంది చనిపోయారు. ఆ తర్వాతి నెలలోనే మొరార్జీ దేశాయ్ ప్రభుత్వం జేఆర్‌డీని చైర్మన్ పదవి నుంచి తప్పించింది. పాతికేళ్లు జీతం తీసుకోకుండా నడిపిన మనిషికి ఆ కబురు ముందుగా ప్రభుత్వం నుంచి రాలేదు. ఆయన స్థానంలోకి వస్తున్న వ్యక్తి ద్వారా తెలిసింది. నిరసనగా సంస్థ మేనేజింగ్ డైరెక్టర్ రాజీనామా చేశారు. 1980లో ఇందిరా గాంధీ ప్రభుత్వం జేఆర్‌డీని మళ్లీ బోర్డులోకి తీసుకుంది కానీ, చైర్మన్‌గా కాదు.

మళ్లీ అదే దారి

1982 అక్టోబర్ 15. తొలి విమానానికి యాభై ఏళ్లు. 78 ఏళ్ల జేఆర్‌డీ కరాచీలో ఒక లెపర్డ్ మాత్ ఎక్కారు. పస్ మాత్‌కు తమ్ముడి వరస విమానం. ముక్కున అదే గిప్సీ వంశపు నాలుగు సిలిండర్ల ఇంజిన్, సుమారు 130 హార్స్‌పవర్. గుండె జబ్బు మనిషి ఒంటరిగా ఎగరడం ఏమిటని దగ్గరివాళ్లు భయపడ్డారు. ఆయన అహ్మదాబాద్‌లో ఆగి, సాయంత్రానికి జుహూలో దిగారు. కొత్త తరం మళ్లీ సాహసం మీద, సామర్థ్యం మీద నమ్మకం పెంచుకోవాలన్నదే ఆ ప్రయాణం ఉద్దేశం.

1991లో టాటా సన్స్ పగ్గాలు రతన్ టాటాకు అప్పగించారు. ఆయన పగ్గాలు చేపట్టినప్పుడు 14 కంపెనీలున్న గ్రూపులో అప్పటికి దాదాపు 95 ఉన్నాయి. 1992లో పీవీ నరసింహారావు ప్రభుత్వం భారతరత్న ప్రకటించింది. 1993 నవంబర్ 29న జెనీవాలో కన్నుమూశారు. పుట్టిన ఊరు పారిస్‌లోనే, పేర్ లాషేజ్ శ్మశానవాటికలో తల్లిదండ్రుల పక్కన సమాధి అయ్యారు.

2022 జనవరి 27న ఎయిర్ ఇండియా తిరిగి టాటాల చేతికి వచ్చింది. జాతీయం అయ్యి అప్పటికి 69 ఏళ్లు, ఆయన పోయి 28 ఏళ్లు. పేరుకుపోయిన నష్టాలతో, పాతబడిన విమానాలతో వచ్చిన ఆ సంస్థను చక్కదిద్దడం కొత్త యాజమాన్యానికి తేలిక కాదని ఆ తర్వాతి ఏళ్లు చూపించాయి. డబ్బు, విమానాలు, పేరు అన్నీ ఉన్నాయి. వాటిని ప్రయాణికుడి అవసరానికి సరిగ్గా జత చేయడమే అసలు పని. రెండు లక్షల పెట్టుబడి, బురదనేల ఎయిర్‌ఫీల్డ్, ఎడ్లబండి మీద వచ్చిన పెట్రోలు డబ్బాలతో జేఆర్‌డీ 1932లో చేసి చూపించింది ఆ పనే.